అయిదు వోల్టుల శివారు: యూఎస్‌బీ మైనర్లు, పవర్డ్ హబ్‌ల చరిత్ర

బ్లాక్ ఎరప్టర్ అనే యూఎస్‌బీ మైనరు, అంటే బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు కోసం లెక్కలు వేసే చిన్న పరికరం, 2013 వేసవిలో అమ్మకానికి వచ్చింది. చూడటానికి కాస్త వెడల్పాటి పెన్‌డ్రైవ్‌లా ఉండేది. లోపల ఒకే ఒక్క మైనింగ్ చిప్పు, వేడిని లాగడానికి వీపున అల్యూమినియం పలక, చిన్న దీపం. సెకనుకు సుమారు 33 కోట్ల లెక్కలు వేసేది. దానికి కావలసిన కరెంటు 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. అప్పటి కంప్యూటర్లలో మామూలు యూఎస్‌బీ పోర్టు నియమం ప్రకారం ఇవ్వవలసింది కూడా సరిగ్గా అర ఆంపియరే. పడకగదిలో వెలిగే పాతకాలం జీరో బల్బు కన్నా తక్కువ మేసే ఈ పుల్ల, పోర్టు దగ్గరున్నదంతా తీసేసుకునేది. పక్కన ఇంకొకటి పెట్టాలంటే ఇంకో పోర్టు కావాలి. పది పెట్టాలంటే పవర్డ్ హబ్ కావాలి. చిల్లర మైనింగ్‌లో హబ్ ఎంపిక ఒక విద్యగా మారింది అక్కడే.

ఆ హబ్ తాలూకు ఇబ్బందులన్నిటికీ మూలం 1990ల నాటి ఒక నిర్ణయంలో ఉంది. కీబోర్డుకు ఒక రకం సాకెట్, మౌసుకు మరో రకం, ప్రింటరుకు ఇంకో రకం ఉన్న రోజుల్లో వాటన్నిటినీ ఒకే తీరుకు తేవాలని 1994లో కాంపాక్, డెక్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్ఈసీ, నార్టెల్ అనే ఏడు కంపెనీలు కలిశాయి. ఇంటెల్ తరఫున ఈ పనికి ముందు నిలిచిన ఇంజినీరు బరోడాలో చదివిన అజయ్ భట్. తొలి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. అది అక్షరాలు, క్లిక్కులు మోయడానికి పుట్టిన తీగ. నాలుగు తీగల్లో రెండు సమాచారానికి, రెండు కరెంటుకు. కరెంటు వాటా కొసరు లాంటిది: మౌసుకు విడిగా అడాప్టర్ అక్కరలేకుండా ఉండటానికి వేసిన ఏర్పాటు. ఒక యూనిట్ లోడు అంటే 100 మిల్లీఆంపియర్లు. ఒక పరికరం అడిగి తీసుకోగలిగింది గరిష్ఠంగా అయిదు యూనిట్లు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 ఈ లెక్కనే ఉంచింది. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 దాన్ని 900 మిల్లీఆంపియర్లకు పెంచింది.

హబ్‌లు మొదటినుంచీ రెండు రకాలు. కంప్యూటర్ నుంచి వచ్చే అర ఆంపియరునే పంచుకుని ఒక్కో పోర్టుకు 100 మిల్లీఆంపియర్లు మాత్రమే ఇచ్చేది ఒకటి. గోడ సాకెట్ నుంచి సొంత అడాప్టర్‌తో కరెంటు తెచ్చుకుని ప్రతి పోర్టుకూ 500 ఇవ్వవలసింది రెండోది. పవర్డ్ హబ్ అంటే ఇదే. ‘ఇవ్వవలసింది’ అన్న మాట దగ్గరే తిరకాసు. ఏడు పోర్టులు ఒక్కొక్కటీ అర ఆంపియరు లాగితే మూడున్నర ఆంపియర్లు కావాలి. బజారులో దొరికే ఏడు పోర్టుల హబ్‌లు చాలావాటితో వచ్చే అడాప్టర్ మీద 2 ఆంపియర్లు అని ఉండేది. తయారీదారు లెక్కా పూర్తిగా తప్పు కాదు: మౌసు, కీబోర్డు, ప్రింటరు, పెన్‌డ్రైవ్ అన్నీ ఒకేసారి నిండా తాగవు కదా.

గోదావరి కాలువల కింద వ్యవసాయం చేసేవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయించిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మధ్య డెల్టాకు వచ్చే నీరు లొల్ల లాకుల దగ్గర పాయలవుతుంది. అక్కణ్ణుంచి అమలాపురం వైపు, గన్నవరం వైపు, పంట బోదెల దాకా. అన్ని తూములూ ఒకేసారి నిండా తెరిస్తే ఏమవుతుందో రాజోలు, అల్లవరం వైపు శివారు రైతును అడిగితే చెబుతాడు. అందుకే నీటి ఎద్దడి ఉన్న ఏడాది వంతులు వేస్తారు. హబ్‌కూ ప్రధాన కాలువ ఒకటే, తూములు అనేకం. తేడా ఏమిటంటే మైనర్లకు వంతు అన్న మాటే లేదు. పది పుల్లలు పెడితే పదీ రాత్రింబవళ్లు, నెలల తరబడి, నిండుగా లాగుతూనే ఉంటాయి. యూఎస్‌బీ రూపకర్తలు ఊహించని వాడకం ఇది.

బిట్‌కాయిన్ మైనింగ్ ఈ పుల్లల దాకా రావడానికి నాలుగేళ్లు పట్టింది. 2009 జనవరి 3న తొలి బ్లాకు, అంటే బిట్‌కాయిన్ పద్దులో మొదటి పుట, ఏర్పడినప్పుడు మామూలు కంప్యూటర్ ప్రాసెసరే ఆ పని చేసింది. పని చెప్పుకోవడానికి చాలా సాదాసీదా: ఒక అంకె మార్చడం, షా-256 అనే గణిత యంత్రంలో వేసి తిప్పడం, వచ్చిన ఫలితం నిర్ణీత హద్దు కన్నా చిన్నదా అని చూడడం, కాకపోతే మళ్లీ అంకె మార్చడం. తెలివి అక్కరలేదు, వేగం చాలు. అందుకే 2010లో వీడియో గేముల గ్రాఫిక్ కార్డులు, 2011లో అవసరానికి తగ్గట్టు మలచుకోగల చిప్పులున్న ఎఫ్‌పీజీఏ బోర్డులు, 2013 మొదట్లో ఈ ఒక్క పనికే చెక్కిన ఏసిక్ చిప్పులు వచ్చాయి. చైనాలో ఫ్రైడ్‌క్యాట్ అనే మారుపేరుతో తెలిసిన వ్యక్తి నడిపిన ఏసిక్‌మైనర్ అనే సంస్థ తన చిప్పుల్లో కొన్నిటిని ఒక్కొక్కటిగా పుల్లలకు బిగించి అమ్మింది. మొదట్లో ఒక్కో పుల్ల ధర దాదాపు 2 బిట్‌కాయిన్లు.

ఈ బేరం ఎలాంటిదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ హద్దును అందుకోవడం ఎంత కష్టమో చెప్పే అంకె, మైనింగ్ క్లిష్టత, 2013 జూన్ చివర సుమారు 2 కోట్లు. బ్లాకుకు 25 బిట్‌కాయిన్ల బహుమతి. ఆ లెక్కన ఒక బ్లాక్ ఎరప్టర్ రోజుకు సంపాదించేది 0.0084 బిట్‌కాయిన్. క్లిష్టత అక్కడే ఆగి ఉంటే రెండు బిట్‌కాయిన్ల పెట్టుబడి ఎనిమిది నెలల్లో తిరిగొచ్చేది. ఆగలేదు. అదే ఏడు డిసెంబరు చివరికి క్లిష్టత 118 కోట్లు దాటింది. అదే పుల్ల రోజు సంపాదన 0.00014కు పడిపోయింది, అరవయ్యో వంతు. పడిపోతున్న రాబడిని పట్టుకోవాలంటే ఇంకొన్ని పుల్లలు కొనడం ఒక్కటే అప్పటివారికి కనిపించిన దారి. పుల్లలు పెరిగాయి, పోర్టులు చాలలేదు, హబ్‌కు హబ్ తగిలించారు. డబ్బు మీద ఆశ యంత్రం మీద భారంగా మారడం అంటే ఇదే. ధర తగ్గేకొద్దీ పుల్లలు ఇంకా చవకగా చేతికొచ్చాయి. చవక పుల్లలకు చవక హబ్‌లు జతపడ్డాయి.

హబ్ లోపల ఏముంటుందో తెలిస్తే అది ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది. చవక రకం పది పోర్టుల హబ్ పైమూత విప్పితే తరచు కనిపించేవి మూడు చిన్న చిప్పులు, ఒక్కొక్కటి నాలుగు పోర్టులది. మొదటి చిప్పు రెండు పోర్టులను మిగతా రెండు చిప్పులకే ఇచ్చి, తనకు రెండు మిగుల్చుకుంటుంది: రెండు, నాలుగు, నాలుగు, వెరసి పది. ఏడు పోర్టుల హబ్ కూడా ఇలాగే మూడు, నాలుగు. కరెంటు దారి దీనికి వేరు. అడాప్టర్ గుండ్రటి పిన్ను దగ్గర మొదలైన రాగి పట్టీ బోర్డు పొడవునా సాగి ఒక్కో పోర్టునూ తాకుతూ పోతుంది. పట్టీ సన్ననిదైతే మొదటి పోర్టు దగ్గర 5 వోల్టులు ఉన్నా పదో పోర్టు దగ్గర నాలుగున్నర ఉండవచ్చు. శివారు భూమి ఎండేది ఇలాగే. అక్కడ పెట్టిన మైనరు మధ్యమధ్యలో కంప్యూటర్‌కు కనిపించకుండా పోయేది. ఆ రోజుల్లో ఎక్కువమంది వాడిన సీజీమైనర్ అనే ప్రోగ్రాము అలాంటి పరికరం పక్కన ‘జాంబీ’ అని చూపేది. చచ్చినా తెర మీంచి పోని దెయ్యం అన్నమాట. దాన్ని రాసిన కాన్ కోలివాస్ ఆస్ట్రేలియాలో మత్తుమందు డాక్టరు. చాలామంది మైనరు పాడైందనుకుని తిరిగి పంపేవారు. హబ్‌లో మొదటి పోర్టుకు మార్చి చూస్తే అదే మైనరు నిక్షేపంగా నడిచేది.

బోర్డు మీద వెతకవలసిన రెండో వస్తువు రక్షణ. సొంత అడాప్టర్ ఉన్న హబ్‌కు ప్రతి పోర్టు వైపూ అతి కరెంటు నుంచి రక్షణ ఉండాలనీ, ఆ హద్దు 5 ఆంపియర్లు మించకూడదనీ యూఎస్‌బీ ప్రమాణమే చెబుతుంది. అయితే అన్ని పోర్టులకూ కలిపి ఒకటే రక్షణ పెట్టినా ప్రమాణం ఒప్పుకుంటుంది. మంచి హబ్‌లో ఒక్కో పోర్టు వెనక ఒక్కో పాలీఫ్యూజు కనిపిస్తుంది: పెసరగింజ అంత పసుపు, ఆకుపచ్చ లేదా నలుపు ముక్క. కరెంటు మించితే వేడెక్కి దారి మూసేస్తుంది, చల్లబడితే మళ్లీ తెరుస్తుంది. చవక హబ్‌లో అది మొత్తానికి ఒకటి ఉంటుంది. మరీ చవక దాంట్లో ఆ చోట ఉత్త రాగి జంపరు ఉంటుంది. పైకి రెండు హబ్‌ల మధ్యా తేడా తెలియదు. ధరే కొంతవరకు సాక్ష్యం.

మూడో లోపం ఇంకా తికమక పెట్టేది. పవర్డ్ హబ్ తన కరెంటును కింది పరికరాలకు పంపాలి కానీ పైన ఉన్న కంప్యూటర్‌లోకి నెట్టకూడదు. ఆ వెనక్కిపోకును ఆపే డయోడు లేదా స్విచ్చు పెట్టడానికి అయ్యే పైసలు మిగుల్చుకున్న తయారీదారులు ఉన్నారు. 2012 ఫిబ్రవరి 29న విడుదలైన రాస్ప్‌బెరీ పై వల్ల ఈ లోపం బయటపడింది. అరచేతిలో పట్టే ఆ కంప్యూటర్ రెండు మూడు వాట్లతో నడిచేది కాబట్టి మైనర్లను రోజంతా కనిపెట్టుకుని ఉండటానికి దాన్నే పెట్టుకునేవారు. దాని సొంత అడాప్టర్ తీసేసినా ఎర్రదీపం వెలుగుతూనే ఉంటే హబ్ వెనక్కి నెడుతున్నట్టే. ఏ పరికరమూ విప్పకుండా, ఏ మీటరూ లేకుండా చేయగలిగిన పరీక్ష ఇది, అందుకే వాడుకలో నిలిచింది.

ఇక వేడి. బ్లాక్ ఎరప్టర్ పలక చేత్తో పట్టుకోలేనంతగా కాలేది. పక్కపక్కనే గుచ్చితే గాలి ఆడదు. పుల్ల వెడల్పు వల్ల పక్క పోర్టు మూసుకుపోయేది కూడా. యూఎస్‌బీకే తగిలించే చిన్న బల్ల ఫ్యానును పక్కన పెట్టడం ఆనవాయితీ అయింది. ఆ ఫ్యానును అదే హబ్‌కు తగిలించడం కూడా ఆనవాయితీ అయింది, అది చాలామంది లెక్కలోకి తీసుకోని భారం.

2013లోనే బీజింగ్‌లో మొదలైన బిట్‌మెయిన్ కంపెనీ యాంట్‌మైనర్ యూ1 అనే పుల్ల తెచ్చింది. సెకనుకు 160 కోట్ల లెక్కలు, అంటే బ్లాక్ ఎరప్టర్‌కు దాదాపు అయిదింతలు. తర్వాతి యూ2 ఇంకొంచెం ఎక్కువ. యూ3 వచ్చేసరికి ఆ కంపెనీయే దారి మార్చింది: సమాచారానికి యూఎస్‌బీ తీగ, కరెంటుకు విడిగా 12 వోల్టుల సాకెట్. ఇంజినీర్ల చేత్తో రాసిన ఒప్పుకోలు అది. యూఎస్‌బీ తీగ ఇక ఈ బరువు మోయలేదని. పుల్లల సంప్రదాయం మాత్రం చావలేదు. అమెరికాలో గెక్కోసైన్స్ పేరుతో ఒక చిన్న కర్మాగారం బిట్‌మెయిన్ చిప్పులనే తీసుకుని కాంపాక్ (పైన చెప్పిన కంప్యూటర్ కంపెనీ కాదు), టూప్యాక్, న్యూప్యాక్, కాంపాక్ ఎఫ్ అనే పుల్లలను వరసగా తెచ్చింది. లైట్‌కాయిన్ అనే మరో డిజిటల్ నాణెం వైపు ఫ్యూచర్‌బిట్ సంస్థ మూన్‌ల్యాండర్ 2 తెచ్చింది.

వీటితో హబ్ లెక్క మొత్తం తలకిందులైంది. కాంపాక్ పుల్ల మీద చిన్న మర ఉండేది. స్క్రూడ్రైవర్‌తో తిప్పితే చిప్పు వోల్టేజి పెరుగుతుంది, వేగం పెరుగుతుంది, కరెంటూ పెరుగుతుంది. అర ఆంపియరుకు కట్టుబడి ఉన్న వస్తువు ఒకటి, ఒకటిన్నర, రెండు ఆంపియర్లు లాగే వస్తువైంది. కాంపాక్ ఎఫ్ సెకనుకు 30 వేల కోట్ల లెక్కల దగ్గర నడిస్తే సుమారు 15 వాట్లు, అంటే 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు. అది పాత హబ్‌లో ఆరు పోర్టుల వాటా. ఇక నుంచి హబ్ కొనేవారు అడగవలసిన ప్రశ్న ‘మొత్తం ఎంత?’ ఒక్కటే కాదు, ‘ఒక్క పోర్టుకు ఎంత?’ కూడా. 2010 నాటి బ్యాటరీ చార్జింగ్ ప్రమాణం పోర్టుకు ఒకటిన్నర ఆంపియరు దాకా ఇవ్వనిచ్చింది. దాన్ని చూసి ‘ఫాస్ట్ చార్జ్’ అని రాసిన పోర్టుల వైపు ఎగబడినవారికి ఇంకో దెబ్బ తగిలేది: కొన్ని హబ్‌లలో ఆ పోర్టులు ఉత్త చార్జింగ్‌వే, సమాచారపు తీగలు ఉండవు. మైనరు దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం కనిపించదు.

ఈ దశలో ప్రమాదం పోర్టు నాలుకల మీదికి వచ్చింది. మామూలు యూఎస్‌బీ సాకెట్‌లోని కరెంటు పిన్ను ఒకటిన్నర ఆంపియరు చుట్టూ లెక్కగట్టిన రేకు ముక్క. కొత్తగా ఉన్నప్పుడు రెండు రేకులు కలిసే చోట అవరోధం 30 మిల్లీఓములు మించకూడదు. రెండు ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 0.12 వాట్లు, ఏమీ కాదు. అదే రేకు తుప్పు పట్టి అవరోధం 200 మిల్లీఓములకు చేరితే వేడి 0.8 వాట్లు. గింజంత చోట అంత వేడి రోజుల తరబడి నిలిస్తే తెల్ల ప్లాస్టిక్ ముందు పసుపు రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనిపించిన పోర్టును మళ్లీ వాడకూడదు.

కోనసీమకు ఈ లెక్క పట్టేది సరిగ్గా ఇక్కడే. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య, మూడో వైపు సముద్రం ఉన్న నేల ఇది. అంతర్వేది, ఓడలరేవు వైపు గాలిలోనే ఉప్పు ఉంటుంది. వానాకాలంలో అగ్గిపెట్టె సైతం మెత్తబడుతుంది. తాళం కప్పలకూ, కిటికీ ఊచలకూ పట్టే తుప్పు యూఎస్‌బీ రేకును వదలదు. పైగా మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలకు చేరుతుంది. చాలా అడాప్టర్లు 40 డిగ్రీల పరిసరానికే లెక్కగట్టినవి. పెంకుటింటి అటక మీదో, మూసిన అలమరలోనో పెడితే ఆ హద్దు పొద్దున పదింటికే దాటిపోతుంది.

కరెంటు సరఫరా తీరు మరో సంగతి. కొబ్బరి తోటల మధ్యగా సాగే తీగల మీద గాలివానకు కమ్మలు పడటం ఇక్కడ మామూలే. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. అంత పెద్ద ఉత్పాతం అక్కరలేదు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగ ఒక్కటి తెగితే చాలు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉండవలసిన ఇంటికి, ఫేజుకూ ఫేజుకూ మధ్య ఉండే 400 వోల్టులకు దగ్గరగా వచ్చిపడవచ్చు. తక్కువ వోల్టేజిని అడాప్టర్ ఓర్చుకుంటుంది. 100 నుంచి 240 వోల్టుల దాకా అని దాని మీద రాసి ఉంటుంది. 400ను ఓర్చుకోదు. మంచి అడాప్టర్ అయితే లోపలి ఫ్యూజు పోయి చచ్చిపోతుంది, నాసిరకంది తనతో పాటు హబ్‌నూ, మైనర్లనూ, కంప్యూటర్‌నూ తీసుకుపోవచ్చు. హబ్ కన్నా ముందు వోల్టేజి మించితే సరఫరా తెంచే కటాఫ్ పరికరం కొనాలన్నది ఇక్కడివారికి మొదటి సలహా కావాలి.

ఇంట్లో ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా ఈ విషయంలో పనికిరాదు. 5 వోల్టులు, 10 ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చేది 50 వాట్లు. నష్టాలు కలుపుకుని గోడ నుంచి లాగేది 60 వాట్లలోపు, అంటే 230 వోల్టుల దగ్గర పావు ఆంపియరు. హబ్ లోపల ఏదో పోర్టులో 10 ఆంపియర్లు పారి ప్లాస్టిక్ కరుగుతున్నా 6 ఆంపియర్ల ఎంసీబీకి కనిపించేది ఆ పావు ఆంపియరే. పడక్కరలేదని అది అనుకోవడంలో తప్పు లేదు. అడాప్టర్ అవతల, 5 వోల్టుల వైపు జరిగే దానికి కాపలా హబ్‌లోని పాలీఫ్యూజు, అడాప్టర్‌లోని సొంత రక్షణ మాత్రమే.

అనుభవం మీద స్థిరపడ్డ ఒక పరిష్కారం 12 వోల్టుల హబ్. 60 వాట్లను 5 వోల్టుల మీద తేవాలంటే అడాప్టర్ తీగలో 12 ఆంపియర్లు పారాలి. 12 వోల్టుల మీద అయితే అయిదే. హబ్ లోపల ఒక కన్వర్టరు దాన్ని పోర్టుల పక్కనే 5కు దించుతుంది. పెద్ద వోల్టేజి మీద దూరం తెచ్చి ఊళ్లోకి వచ్చాక దించడం విద్యుత్ సంస్థలు చేసే పనే. 11 వేల వోల్టుల లైను, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ అదే సూత్రం. తీగల విషయమూ ఇంతే. సన్నటి 28 గేజి రాగి తీగ మీటరుకు 0.21 ఓము. మీటరు కేబుల్లో పోను రాను 0.42. రెండు ఆంపియర్లు పోతే దారిలోనే 0.84 వోల్టు పోతుంది. 5 కాస్తా 4.16 అవుతుంది. 20 గేజి అయితే పోయేది 0.13 మాత్రమే. మైనరును హబ్‌కు దూరంగా పెట్టాలని చవక ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసినవారికి ‘జాంబీ’ కనిపించడానికి ఇదే కారణం.

అడాప్టర్ మీద చట్టం చూపు పడింది కూడా ఆ కాలంలోనే. ఎలక్ట్రానిక్ వస్తువుల తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వును కేంద్ర ప్రభుత్వం 2012లో తెచ్చింది. తొలి జాబితాలోని 15 రకాల్లో లేని కంప్యూటర్ పరికరాల పవర్ అడాప్టర్లను 2014లో రెండో జాబితాలో చేర్చింది. అది అమల్లోకి వచ్చినప్పటినుంచి వాటి మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ప్రమాణం సంఖ్య, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. విదేశం నుంచి పార్శిల్లో వచ్చిన హబ్‌తో పాటు దిగే అడాప్టర్ మీద తరచు ఇవేవీ ఉండవు, పిన్నులు మన సాకెట్‌కు సరిపోవు. వదులుగా వేలాడే కన్వర్టర్ ప్లగ్గు నిప్పురవ్వలకు నిలయం. హబ్‌ను ఉంచుకుని, అదే వోల్టేజి, అదే పిన్ను ధ్రువం, అంతకు తక్కువ కాని ఆంపియర్లు ఉన్న దేశీయ అడాప్టర్‌ను విడిగా కొనుక్కోవడం ఖర్చుకు తగిన పని.

డబ్బు సంగతి వేరే దారిలో నడిచింది. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కరెన్సీల మీద రిజర్వ్ బ్యాంకు తొలి హెచ్చరిక 2013 డిసెంబరు 24న వచ్చింది, అంటే బ్లాక్ ఎరప్టర్ రాబడి అడుగంటిన నెలలోనే. 2018 ఏప్రిల్ 6న బ్యాంకులు క్రిప్టో లావాదేవీలకు దూరంగా ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని 2020 మార్చి 4న కొట్టేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను. మైనింగ్ యంత్రాలకు పెట్టిన ఖర్చును కొనుగోలు ధరగా చూపి తగ్గించుకోవడానికి వీల్లేదని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. హబ్ ధర, అడాప్టర్ ధర, కరెంటు బిల్లు ఏదీ లెక్కలోకి రాదన్నమాట.

బిల్లు లెక్క కూడా ఒకసారి వేయవచ్చు. 2024 ఏప్రిల్ తర్వాత బ్లాకు బహుమతి 3.125 బిట్‌కాయిన్లు, రోజుకు దాదాపు 450. ప్రపంచ మైనర్ల మొత్తం వేగం సెకనుకు 60 లక్షల కోట్ల కోట్ల లెక్కలు అనుకుంటే, కాంపాక్ ఎఫ్ రోజు వాటా, బిట్‌కాయిన్ 60 వేల డాలర్ల ధర దగ్గర, రూపాయి పైచిలుకు. అది మేసేది రోజుకు 0.36 యూనిట్. యూనిట్ 6 రూపాయల లెక్కన రెండు రూపాయల పైన. రాబడి పంచుకునే మైనర్ల కూటమిలో (పూలులో) చేరకుండా ఒంటరిగా లాటరీ ఆడితే సగటున 38 వేల ఏళ్లకు ఒక బ్లాకు.

కోనసీమలో ‘తవ్వకం’ అంటే ఓఎన్‌జీసీ రిగ్గు గుర్తుకొస్తుంది, బిట్‌కాయిన్ కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. భూమిలోంచి శక్తిని తీసేటప్పుడు రక్షణ ఎంత ఖరీదైన మాటో ఈ ప్రాంతం దగ్గర్నుంచి చూసింది. గ్యాసుతో నడిచేలా రావులపాలెం మండలం దేవరపల్లిలో కట్టిన 445 మెగావాట్ల కోనసీమ గ్యాస్ పవర్ కేంద్రం గ్యాసు అందక మూలపడింది. అలాంటి కేంద్రం ఒక్కటి నిండుగా నడిస్తే బ్లాక్ ఎరప్టర్లు 17 కోట్లకు పైగా వెలుగుతాయి. వాటికి పోర్టులు దొరకవు గానీ.

ఇటీవలి చిన్న మైనర్లు హబ్‌ను వదిలేశాయి. బిట్‌యాక్స్ అనే బహిరంగ నమూనా యంత్రం 5 వోల్టుల అడాప్టర్‌ను నేరుగా గుండ్రటి పిన్నుతో తీసుకుంటుంది, నెట్టుకు వైఫై వాడుతుంది. యూఎస్‌బీ దానికి ప్రోగ్రాము ఎక్కించడానికే. పాత పుల్లలు మాత్రం ఇంకా చేతులు మారుతున్నాయి, నేర్చుకోవడానికి కొనేవారూ ఉన్నారు. వారికి లెక్క ఇది: అడాప్టర్ మీది ఆంపియర్లలో అయిదో వంతు తీసేసి, మిగిలినదాన్ని ఒక్కో పుల్ల లాగే ఆంపియర్లతో భాగించాలి. ‘10 పోర్టులు’ అని అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో, ‘5 వోల్టులు, 2 ఆంపియర్లు’ అని అడాప్టర్ మీద చిన్నక్షరాలతో ఉన్న హబ్‌లో బ్లాక్ ఎరప్టర్లు మూడు పడతాయి. మిగిలిన ఏడు పోర్టులు ఖాళీగా ఉండాలి.